హైదరాబాద్‌లో సర్‌ప్రైజ్ ప్రపోజల్: చోటు, ఫోటోలు, ఉంగరం సైజు... సలహాలు కావాలి

నైట్‌షిఫ్ట్_మాదాపూర్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. డిసెంబరు 20కి, జనవరి 20కి మధ్యలో ఏదో ఒకరోజు నేను పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి ప్రపోజ్ చేద్దామని ప్లాను. రెండిళ్లలోనూ ఒప్పుకున్నారు, నిశ్చితార్థం ఫిబ్రవరిలో. కాబట్టి ఔనంటుందా కాదంటుందా అన్న టెన్షన్ లేదు. తనకి ముందే తెలియకూడదు, ఫోటోలు బాగా రావాలి, అంతే.

అనుకున్న చోట్లు: దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, ట్యాంక్‌బండ్, గోల్కొండ. ఏదీ కుదరకపోతే ఎక్కడైనా రూఫ్‌టాప్. తనకి జనం గుమిగూడితే ఇబ్బంది. కెమెరా పట్టేది నా ఫ్రెండు: ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్, 24-70, 85 లెన్సులు ఉన్నాయి, దూరం నుంచి తీసే 70-200 అద్దెకి తేగలడు. మా కజిన్ దగ్గర డ్రోన్ కూడా ఉంది. ఉంగరం సైజు మాత్రం తెలీదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

షట్టర్_1_500

ముందు చోటు సంగతి. మూడింట్లో గోల్కొండ కొట్టేయండి. సాయంత్రం ఐదున్నరకి మూసేస్తారు. డిసెంబరు నెలాఖరులో సూర్యుడు గుంకేది సుమారు 5:50కి. అంటే వెలుగు బాగుపడే వేళకి గార్డులు విజిల్ వేసి అందర్నీ కిందికి దింపుతుంటారు. అది పురావస్తు శాఖ కట్టడం, స్టాండు లేకుండా మామూలు ఫోటోలైతే తీసుకోనిస్తారు గానీ ట్రైపాడ్, లైట్లు పెడితే ముందే అనుమతి ఉండాలి. పైగా కోట పైనున్న బాలాహిసార్ దాకా 380 మెట్లు. చీరలోనో హీల్స్‌తోనో ఎక్కి వచ్చిన మనిషికి పైకి చేరేసరికి చెమట, ఆయాసం. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైదాకా వినిపిస్తాయి కాబట్టి ఫ్రెండుకి సిగ్నల్ ఇవ్వడానికి మాత్రం భలే పనికొస్తుంది, అదొక్కటే లాభం.

కేబుల్ బ్రిడ్జి మీద బండి ఆపితే ఫైన్ పడుతుంది, ఆపకుండా ఫోటో ఎలాగూ రాదు. ఫుట్‌పాత్ మీద సాయంత్రం సెల్ఫీల వాళ్లే ఉంటారు. ఆ బ్రిడ్జే కావాలంటే కింద చెరువు ఒడ్డునున్న నడక దారి నుంచి, బ్రిడ్జి వెనకాల వచ్చేలా తీయండి. చీకటి పడ్డాక రంగుల లైట్లు వేస్తారు కదా, ఆ రంగు క్షణక్షణం మారుతూ ముఖాల మీద పడితే ఒక ఫ్రేములో ఊదా, తర్వాతి ఫ్రేములో పచ్చ. లైట్లకి దూరంగా ఉంటే ఆ బాధ ఉండదు.

నా ఓటు ట్యాంక్‌బండ్‌కి. అయితే అందరూ అనుకునే సాయంత్రం కాదు, పొద్దున్న.

ఎందుకంటే బండ్ హుస్సేన్‌సాగర్‌కి తూర్పు గట్టు. అక్కడ నిలబడి నీళ్ల వైపు చూస్తే పడమర. సాయంత్రం అక్కడ తీస్తే సూర్యుడు మీ ఇద్దరి వెనకాల ఉంటాడు. నల్లటి నీడబొమ్మలు అందంగానే వస్తాయి, కాకపోతే తన కళ్లలో నీళ్లు తిరిగినా ఫోటోలో కనిపించవు. పొద్దున్న అదే చోట సూర్యుడు కెమెరా వెనక నుంచి వస్తాడు. ముఖాల మీద లేత పసుపు వెలుగు, వెనక నీళ్లు, నీళ్ల మధ్య బుద్ధుడి విగ్రహం మీదా అదే వెలుగు. డిసెంబరు చివర్లో సూర్యోదయం 6:45 ప్రాంతం, తూర్పున బిల్డింగులు దాటి ఎండ బండ్ మీదికి రావడానికి ఇంకొంచెం టైం పడుతుంది. ఏడింటికి మొదలుపెడితే ఏడున్నర దాకా మెత్తటి వెలుగే. జనం కూడా వాకింగ్ వాళ్లే, ఆగి చూడరు. మీరన్న గుమిగూడే సమస్య అక్కడే సగం తీరిపోయింది.

సాయంత్రమే కావాలంటే రెండు సంగతులు. ఒకటి, ఆ నెలల్లో సూర్యుడు సరిగ్గా పడమరన కాదు, నైరుతి వైపు జరిగి గుంకుతాడు. బుద్ధుడి వెనక సూర్యుడు రావాలంటే మీరు విగ్రహానికి ఎదురుగా కాకుండా సికింద్రాబాద్ వైపుకి జరిగి నిలబడాలి. ముందు రోజు అదే టైంకి వెళ్లి ఫోన్‌లో ఒక ఫోటో తీసి చూసుకోండి. రెండు, మోకాలి మీద కూర్చోవడం 5:20కల్లా అయిపోవాలి. అప్పటికింకా ముఖాల మీద వెలుగు ఉంటుంది. తర్వాత అరగంట జంట ఫోటోలు, సూర్యుడు దిగాక నీలం ఆకాశం. యూరప్ వాళ్ల వీడియోలు చూసి ఆ నీలం గంటసేపు ఉంటుందనుకోవద్దు. మన దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు, ఆ తర్వాత చీకటే. ఆ వేళకి దోమలు కూడా దిగుతాయి.

గండిపేట కూడా ఇలాంటిదే. నీళ్లు ఆనకట్టకి పడమర వైపున ఉంటాయి, సాయంత్రం వెలుగు బాగుంటుంది. ఊరి నుంచి దూరం, వీకెండులో రద్దీ, అంతే తేడా.

కెంపు_నీలం

ఉంగరం గురించి చెప్తాను. తన వేలికి దారం కట్టి కొలవాలని చూడకండి. దారం సాగుతుంది, పైగా నిద్రలో మెలకువ వస్తే మొత్తం ప్లాను గోవింద. తను ఉంగరపు వేలికి పెట్టుకునే ఉంగరం ఒకటి రెండు గంటలు సంపాదించండి, షాపులో గేజ్ మీద పెట్టి చెప్పేస్తారు. షాపుదాకా తీసుకెళ్లలేకపోతే లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. ఇండియన్ సైజు లెక్క తేలికే: లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలోంచి 40 తీసేయడమే. వ్యాసం 16.5 వస్తే చుట్టుకొలత దాదాపు 52, అంటే 12వ నంబరు. అర మిల్లీమీటరు తేడాకే ఒకటిన్నర సైజు మారుతుంది, కాబట్టి స్కేలుతో అంచనా వేయకండి.

ఏ చేతి ఉంగరమో చూసుకోండి. చాలామందికి కుడి చేతి వేలు కాస్త లావు. రోజూ పెట్టుకునేది సన్నటి తీగలాంటిదై, మీరు కొనేది 4, 5 మిల్లీమీటర్ల వెడల్పుదైతే ఒక సైజు పెద్దది తీసుకోండి, వెడల్పు ఉంగరం బిగుతుగా పడుతుంది. ఎటూ తేలకపోతే పెద్ద సైజే మేలు. వదులైతే వేలికి ఎక్కుతుంది, ఫోటో వస్తుంది, తర్వాత తగ్గించుకోవచ్చు. బిగుతైతే కణుపు దగ్గరే ఆగిపోతుంది, ఆ తోపులాటంతా బరస్ట్‌లో (వరసగా టకటకా తీసే ఫోటోల్లో) పడుతుంది.

ఒంటి రాయి ఉంగరమైతే ఒకటి రెండు సైజులు మార్చడం ఏ కంసాలికైనా వచ్చు. చుట్టూ రాళ్లు పొదిగిన దాన్ని మార్చడం దాదాపు కుదరదు, సైజు ఖాయంగా తెలియకుండా దాని జోలికి పోవద్దు. రాయికి 18 క్యారెట్ తీసుకోండి. లోపల 750 ముద్ర, అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ నంబరు) ఉండాలి. 22 క్యారెట్ మెత్తన, రాయిని పట్టే కాళ్లు తొందరగా వంగుతాయి. వజ్రానికి విడిగా ఐజీఐ లేదా జీఐఏ సర్టిఫికెట్ అడగండి. బిల్లులో బంగారం తూకం, రాయి తూకం వేర్వేరుగా రాయించుకోండి.

షాపు వాళ్లిచ్చే డబ్బా పెద్దగా ఉంటుంది, జీన్స్ జేబులో ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పల్చటి డబ్బా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కొన్నాక ఇంట్లో చూడకుండా తెరవడం ప్రాక్టీసు చేయండి. మడత మీ వైపు, తెరుచుకునే నోరు తన వైపు ఉండాలి. తలకిందులుగా తెరిస్తే ఉంగరం జారి పడేది నీళ్ల ఒడ్డున, మర్చిపోకండి.

సామాను_సిద్ధం

రూఫ్‌టాప్ ఆలోచన ఉంటే నాలుగు మాటలు. మూడు నాలుగు అడుగుల వెలిగే అక్షరాలు, పూలరేకులు, కొవ్వొత్తులు, ఇదే అందరూ అమ్మే ప్యాకేజీ. ఎనిమిదో అంతస్తు మీద కొవ్వొత్తి ఐదు నిమిషాలు నిలవదు. గాజు చిమ్నీ ఉన్నవే పెట్టమనండి, లేదా బ్యాటరీవి. పూలరేకులు గాలికి ఒక మూలకి చేరతాయి. వాటిని పరిచేది మీరు లిఫ్ట్ ఎక్కాకే, గంట ముందు కాదు. అక్షరాలకి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది, వైరు ఎంత పొడవు, పవర్ పోతే ఆ ప్లగ్గుకి జనరేటర్ బ్యాకప్ ఉందా అని కేఫ్ వాళ్లని అడగండి. లిఫ్టులకి బ్యాకప్ ఇచ్చి టెర్రస్ ప్లగ్గులకి ఇవ్వని బిల్డింగులు బోలెడు. కోల్డ్ పైరో (చిచ్చుబుడ్డిలా రవ్వలు ఎగజిమ్మే మిషన్) వద్దనే అంటాను. పేరుకి చల్లనిదే, షిఫాన్ చున్నీ మీద నిప్పురవ్వ పడితే చిల్లే. లోపల హాల్లో అయితే పొగ మిషన్ పెట్టించుకోకండి, స్మోక్ డిటెక్టర్ మోగుతుంది.

పాట బ్లూటూత్ స్పీకర్‌లో పెడితే మీ ఫోన్‌తో కాకుండా వేరే ఫోన్‌తో కనెక్ట్ చేయండి. సరిగ్గా ఆ క్షణానికి మేనేజర్ ఫోన్ చేస్తే రింగ్‌టోన్ స్పీకర్‌లో వస్తుంది.

ఇక రహస్యం బయటపడేది ఎక్కువగా ఫోన్‌లోనే. ఫోటోగ్రాఫర్ పేరు కాంటాక్టులో వేరేగా సేవ్ చేయండి, ఆ చాట్‌కి లాక్ పెట్టండి. నగల షాపుకి, డెకరేషన్ వాళ్లకి కట్టిన డబ్బు మెసేజీ స్క్రీన్ మీద తేలుతుంది, నోటిఫికేషన్ ప్రివ్యూ ఆపేయండి. ఇద్దరికీ కలిపి ఫోటోల ఆల్బమ్ ఉంటే ఉంగరం ఫోటో దాంట్లోకి తనంతట తనే ఎక్కేస్తుంది. షాపులో తీసిన ఫోటో అప్పటికప్పుడే డిలీట్ చేయండి.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్

అందరికీ థ్యాంక్స్. పొద్దున్న ట్యాంక్‌బండ్ ఐడియా నచ్చింది. ఇరానీ చాయ్ తాగి టిఫిన్ చేద్దాం రమ్మంటే అనుమానం రాదు, అప్పుడప్పుడూ వెళ్తూనే ఉంటాం. రెండు డౌట్లు: ఫ్రెండు ఎక్కడ నిలబడాలి, తనకి వాడు బాగా తెలుసు. ఎప్పుడు మొదలవుతుందో వాడికి ఎలా చెప్పాలి?

షట్టర్_1_500

తెలిసినవాడైతే దూరమే మందు, 70-200 అద్దెకి తెచ్చేయండి. లెక్క చెప్తాను. కెమెరా అడ్డంగా పట్టుకుని 200 దగ్గర 20 మీటర్ల దూరం నుంచి తీస్తే ఫ్రేములో 2.4 మీటర్ల ఎత్తు పడుతుంది. నిలబడ్డ ఇద్దరు తల నుంచి పాదం దాకా సరిపోతారు. అదే 85తో అయితే ఎనిమిదిన్నర మీటర్లకి రావాలి, అంత దగ్గరలో టోపీ పెట్టినా మాస్కు కట్టినా నడకతోనే గుర్తుపట్టేస్తుంది. లెన్సు తెల్లదైతే నల్ల తొడుగు వేయమనండి. మనిషి కన్నా ముందు ఆ తెల్ల గొట్టమే కంట్లో పడుతుంది. మొహం నీళ్ల వైపు తిప్పుకుని పక్షుల ఫోటోలు తీస్తున్నట్టు ఉంటే చాలు, బండ్ మీద కెమెరాలు కొత్తేం కాదు.

కోణం ముఖ్యం. సరిగ్గా పక్క నుంచి తీస్తే రెండు ముక్కులు కనిపిస్తాయి. మీ వీపు వైపుకి కాస్త జరిగి నిలబడితే తన ముఖం ముప్పాతిక వంతు దొరుకుతుంది. మీ ముఖం కన్నా ఆ క్షణంలో తన ముఖమే కావాలి. మీరు కెమెరా వైపున్న మోకాలు నేలకి ఆనించండి, అవతలి కాలు పైకి ఉండాలి. అప్పుడు మీ ఛాతీ తనంతట తనే కెమెరా వైపు తెరుచుకుంటుంది. తారుమారైతే ముందుకొచ్చిన తొడ సగం ఫ్రేము మింగేస్తుంది. డబ్బా ఛాతీ ఎత్తులోనే పట్టుకోండి, మొహం ముందుకి లేపితే చేతులు అడ్డం.

సెట్టింగులు: మాన్యువల్, షట్టర్ వేగం 1/500కి తగ్గకుండా, ఎఫ్ 2.8 నుంచి 4 లోపు, ఐఎస్ఓ ఆటో, కంటి ఫోకస్ ఆన్. బరస్ట్ మీరు మోకాలు వంచడం మొదలుపెట్టగానే మొదలవ్వాలి, డబ్బా తెరిచాక కాదు. తను నోటికి చేయి అడ్డం పెట్టుకునేది ఆ మొదటి రెండు సెకన్లలోనే. పగటి వెలుగులో సైలెంట్ షట్టర్‌తో ఇబ్బంది లేదు. రూఫ్‌టాప్‌లో ఎల్ఈడీల కింద మాత్రం అది వాడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, ఫోటోల్లో అడ్డచారలు పడతాయి. అక్కడ మెకానికల్ షట్టర్, వేగం 1/100. ఫ్లాష్ అసలు వద్దు.

వీడియోకి విడిగా ఒక ఫోన్. ఇంకో ఫ్రెండు ఎవరైనా బెంచీ మీద కూర్చుని రీల్స్ చూస్తున్నట్టు పట్టుకుంటే సరి. బండ్ మీద బండ్ల హోరులో మాటలు వినపడవు. ఆ చోటికి చేరాక మీ చొక్కా జేబులో ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వాయిస్ రికార్డర్ ఆన్ చేసుకోండి, తర్వాత వీడియోకి కలుపుకోవచ్చు.

నిలబడే చోటు అడుగు తేడా లేకుండా ముందే తేల్చుకోండి. "బుద్ధుడి ఎదురుగా" అంటే బండ్‌లో సగం వస్తుంది. బండ్ మీది విగ్రహాలు గుర్తు పెట్టుకోవడం తేలిక: ఫలానా విగ్రహం దాటాక రెండో దీపస్తంభం అని చెప్పుకోండి. ముందు రోజు అక్కడ నిలబడి ఫోటో తీసి ఫ్రెండుకి పంపండి. లైవ్ లొకేషన్ ఇంటి దగ్గర నుంచే ఆన్ చేసి పెడితే వాడు ఫోన్ చేసి ఎక్కడున్నావని అడగక్కర్లేదు. సిగ్నల్ మామూలుగా చేసే పనై ఉండాలి: కళ్లజోడు తీసి చొక్కాకి తగిలించుకోవడం లాంటిది. దగ్గడం, చేయి ఊపడం దూరానికి తెలియవు.

తొడిగాక వెంటనే లేవకండి. పది పదిహేను సెకన్లు అలాగే ఉండండి. కంగారులో అందరూ చేసేదే ఇది: ఒక్క మాట అనేసి, తొడిగేసి, రెండు సెకన్లలో లేచి కౌగిలించుకుంటారు. ఫోటోల్లో సగం వీపులే మిగులుతాయి. ఆ తర్వాత ఫ్రెండు బయటికి వచ్చి ఓ ఇరవై నిమిషాలు మామూలు జంట ఫోటోలు తీయాలి, దానికి 24-70 మార్చుకోవాలి.

ఇంకోటి, నైట్ షిఫ్టు దిగి నేరుగా రావొద్దు. ఆ రోజు సెలవు పెట్టి నిద్రపోండి, కళ్ల కింద వాపు ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు.

గాలిపటం_దారం

డ్రోన్ మర్చిపోండి. హుస్సేన్‌సాగర్ పక్కనే బేగంపేట ఎయిర్‌పోర్టు. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడాలి. ఎల్లో అయితే ఏటీసీ (విమానాల రాకపోకలు చూసే కంట్రోల్) అనుమతి, రెడ్ అయితే కేంద్రం అనుమతి కావాలి. 250 గ్రాముల లోపుదే కదా అని ఊరుకుంటే కుదరదు, జోన్ నియమం దానికీ వర్తిస్తుంది. అదీగాక తల మీద జుయ్‌మని మోగుతుంటే సర్‌ప్రైజ్ ఎక్కడిది?

అత్తాపూర్_అక్క

తమ్ముడూ, ఎవరూ అడగని సంగతి అడుగుతాను. తేదీలు చూశావా? డిసెంబరు 16 ప్రాంతం నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం. చాలా ఇళ్లలో శుభకార్యాలు పెట్టుకోరు. ప్రపోజల్ శుభకార్యం కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పడగానే "శూన్యమాసంలో ఉంగరం తొడిగేశారా" అని మీ పెద్దత్త ఎవరో ఒకరు అంటారు. మీ రెండిళ్లలో ఆ పట్టింపు ఉందో లేదో ముందు కనుక్కో. ఉంటే పండగ దాటాక పెట్టుకో, నువ్వు చెప్పిన గడువులోనే ఉంది.

పండగ మూడు రోజులూ ఊరంతా ఖాళీ, ట్యాంక్‌బండ్ దాకా ట్రాఫిక్ ఉండదు. కాకపోతే నీ ఫ్రెండూ ఊరెళ్లిపోతాడేమో అడుగు. పండగ వెళ్లిన వారం మధ్యలో ఒక పొద్దున్న అయితే రెండు విధాలా బాగుంటుంది.

ఉంగరం గురించి కూడా ఆలోచించు. ఫిబ్రవరిలో నిశ్చితార్థానికి పెద్దవాళ్లు ఎలాగూ ఉంగరాలు కొంటారు. ఇప్పుడు నువ్వు పెద్ద రాయి తొడిగేస్తే అప్పుడు ఏది మార్చుకోవాలి? ఇప్పటికి సన్నటిది ఒకటి తొడిగి పెద్దది పీటల మీదికి ఉంచు, లేదా ఇదే ఉంగరం అప్పుడూ వాడతామని మీ అమ్మకి ముందే చెప్పు. మీ అమ్మకి చెప్తే వాళ్లమ్మకి కూడా చెప్పాలి, అక్కడ ఒక్కరికే చెప్పి ఒక్కరిని వదిలేయకు. తన దగ్గరి ఫ్రెండు ఒకమ్మాయిని మాత్రం కలుపుకో. ఆ పొద్దున్న నైట్ ప్యాంటు మీద హుడీ వేసుకుని బయల్దేరకుండా చూసేది ఆ అమ్మాయే. టిఫిన్ అయ్యాక ఎవరిదో ఫంక్షన్ ఉంది, రెడీ అయి రా అంటే చాలు. గోళ్లకి రంగు వేయించడం కూడా ఆ అమ్మాయికే అప్పజెప్పు, చేతి ఫోటోలు దగ్గర నుంచి తీస్తారు.

కళ్లజోడు పెట్టుకునే పిల్ల అయితే ఎండ పడి అద్దాలు మెరుస్తాయా లేదా మీ ఫ్రెండుని చూసుకోమను.

షట్టర్_1_500

అక్క చెప్పిన కళ్లజోడు పాయింటు కరెక్టే. సూర్యుడు కెమెరా వెనక ఉంటాడు కాబట్టి తను నేరుగా తూర్పుకి చూస్తే అద్దాల్లో తెల్ల మచ్చ పడుతుంది. మీరు మోకాలి మీద ఉన్నంతసేపూ తను కిందికి చూస్తుంది కాబట్టి ఇబ్బంది రాదు. తర్వాతి జంట ఫోటోల్లో మాత్రం గడ్డం ఒక్క అంగుళం దించమనండి.

జనవరి మధ్యలో అయితే సూర్యోదయం 6:50 ప్రాంతం, పొగమంచు పట్టే రోజులు కూడా ఉంటాయి. పల్చటి మంచు బాగానే ఉంటుంది, దట్టమైతే బుద్ధుడు కనపడడు. రెండు తేదీలు అనుకుని పెట్టుకోండి. పొద్దున్న ఆరున్నరకి ఫ్రెండు బండ్ మీద నుంచి ఒక ఫోటో పంపాలి. విగ్రహం తేటగా లేకపోతే ఆ రోజుకి నిజంగానే చాయ్ తాగి ఇంటికొచ్చేయండి.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపమనకండి, కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా గానీ డ్రైవ్ లింక్‌గా గానీ తీసుకోండి. రెండు కార్డుల కెమెరా అయితే రెంటి మీదా రాసేలా పెట్టమనండి.